నలుగురూ కలిసి సొంత కరెంటు: ప్యానెళ్లు కొనకముందు, కొన్నాక చేయాల్సిన పనులు

ఒక కమ్యూనిటీ హాలు మీద పెట్టిన సోలార్ ప్యానెళ్లను వాటి మూడో ఏట చూశాను. ప్యానెళ్లు బాగానే ఉన్నాయి. ప్యానెళ్ల కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే పెట్టె ఇన్వర్టర్. మెట్ల కింద గోడకు బిగించిన ఆ ఇన్వర్టర్ మీద మాత్రం ఎర్ర లైటు వెలుగుతోంది. ఎప్పటి నుంచి అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. వారంటీ కాగితాలు ఎక్కడున్నాయంటే, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన పాత కార్యదర్శి దగ్గర ఉండొచ్చన్నారు. తీరా విప్పి చూస్తే పోయింది ఒక్క సర్జ్ ప్రొటెక్టర్. పిడుగు పడ్డప్పుడు ఇన్వర్టర్‌ను కాపాడే చిన్న పరికరం అది. మార్చడానికి గంట కూడా పట్టలేదు. పాత బిల్లులు తిరగేస్తే తెలిసింది, ఆ గంట పని జరగక ఎనిమిది నెలల ఎండ వృథా అయిందని.

అందుకే ఇక్కడ ప్యానెళ్ల మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. మీది వీధి అయినా, అపార్ట్‌మెంట్ అయినా, ఊరైనా, నలుగురూ కలిసి కరెంటు తయారు చేసుకోవాలనుకుంటే ముందు మనుషులు, తర్వాత లెక్క, ఆ తర్వాత పొదుపు. కొనడం వీటన్నిటి తర్వాతే.

మొదటి అడుగు: నలుగురిని పోగేయండి

పదిహేను మంది కమిటీ వద్దు. నలుగురైదుగురు చాలు, కానీ ఎవరనేది ముఖ్యం. డబ్బు లెక్క పైసాతో సహా రాసే మనిషి ఒకరు. వైరింగ్ తెలిసిన మనిషి ఒకరు, డిగ్రీ లేకపోయినా పర్వాలేదు, చేతికి పని తెలియాలి. పగలు ఇంటి దగ్గరే ఉండేవాళ్లు ఒకరు, ఎందుకంటే సోలార్‌లో ఏ తేడా వచ్చినా కనిపించేది పగలే. నాలుగో మనిషిని మాత్రం ‘ఇవన్నీ మనకెందుకండీ’ అనేవాళ్లలోంచి తీసుకోండి. ఆయన అడిగే ప్రశ్నలు రేపు మీటింగులో అందరూ అడిగేవే. ముందే జవాబులు వెతుక్కోవచ్చు.

డెన్మార్క్‌లో సామ్‌సో అనే దీవి ఉంది, జనాభా నాలుగు వేలకు కాస్త అటూఇటూ. పునరుత్పాదక శక్తితో నడిచే దీవిని తయారు చేసే పోటీలో 1997లో అది గెలిచింది. పదేళ్లు తిరిగేలోపే, ఏడాది మొత్తం మీద తాము వాడే కరెంటు కంటే గాలిమరల నుంచి ఎక్కువ తయారు చేసుకునే స్థితికి వచ్చారు. ఆ పనిని ముందుండి నడిపిన సోరెన్ హెర్మన్‌సెన్ ఆ దీవి మనిషే. ఇళ్లకూ మీటింగులకూ తిరిగి, మాట్లాడి, ఒప్పించడమే ఆయన పని. దీవి నేల మీద నిలబెట్టిన 11 గాలిమరల్లో ఎక్కువ భాగం అక్కడి రైతులవి, మిగతావి సహకార సంఘాలవి. పక్క పొలంలో తిరిగే మరలో తనకూ వాటా ఉంటే దాని చప్పుడు కూడా మనిషికి వేరుగా వినిపిస్తుంది.

మొదటి మీటింగులో టెక్నికల్ విషయాలు ఎత్తకండి. ‘మీ కరెంటు బిల్లు గురించి మీకు అన్నిటికంటే చిరాకు కలిగించేది ఏంటి?’ అని అడిగి, వాళ్లు చెప్పేది రాసుకోండి. అంతే.

రెండో అడుగు: నోటుబుక్కు

ఉమ్మడి అవసరాలకు ఎంత కరెంటు పోతోందో ఖచ్చితంగా తెలియాలి. నీళ్ల మోటారు, వీధి లైట్లు, లిఫ్టు, హాలు, బడి, ఏది మీ లెక్కలోకి వస్తే అది. గత 12 నెలల బిల్లులు తీసుకుని నెలవారీ యూనిట్లు ఒక కాగితం మీద రాయండి. వేసవికీ చలికాలానికీ ఎంత తేడా ఉందో అక్కడే కనిపిస్తుంది.

బిల్లు చెప్పని సంగతి ఒకటుంది. మీరు కరెంటు పగలు వాడుతున్నారా, రాత్రా? మామూలు మీటరున్న చోట బిల్లులో అది ఉండదు. కాబట్టి రెండు వారాల పాటు ఉదయం ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి మీటరు రీడింగ్ రాయండి. ఒక గళ్ల నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిలు, రెండూ మీటరు బోర్డు పక్కనే మేకుకు తగిలించండి. పెన్సిలు ఎందుకంటే తడి తగిలినా రాత చెదరదు. దారం ఎందుకంటే మూడో రోజుకి పెన్సిలు మాయమవుతుంది కాబట్టి. ఈ పని పిల్లలకు అప్పజెప్పండి, పెద్దల కంటే శ్రద్ధగా చేస్తారు.

యూనిట్ అంటే ఏంటో అందరికీ ఒకసారి చెప్పండి. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 75 వాట్ల ఫ్యాను 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్. ఇది బుర్రకెక్కిన మనిషి ఇంట్లో స్విచ్చులు తనంతట తానే ఆపేస్తాడు, నా కళ్లతో చూశాను.

మూడో అడుగు: ముందు కారే చోట అడ్డుకట్ట వేయండి

చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నప్పుడు పెద్ద బిందె తెచ్చుకుని లాభం లేదు. ఒక లెక్క చూడండి. ఒక బడిలో 40 పాత ఫ్యాన్లు ఉన్నాయి, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 10 గంటలు. అంటే 30 యూనిట్లు. వాటి బదులు తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 12 యూనిట్లే. రోజుకు 18 యూనిట్లు మిగిలాయి. ఎండ బాగా కాసే చోట ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే, ఫ్యాన్లు మార్చడంతోనే నాలుగున్నర కిలోవాట్ల ప్యానెళ్లు కొనే అవసరం తప్పింది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుందన్నది ఇప్పుడు అందరికీ తెలిసిందే, అయినా మెట్ల దగ్గరా, పంపు షెడ్డులోనూ పాత బల్బులూ ట్యూబులూ ఇంకా దొరుకుతాయి. వెతకండి.

నీళ్ల మోటారును మర్చిపోకండి. ట్యాంకు నిండి పొర్లుతున్నా తిరిగే మోటారు, కారే పైపు, ఈ రెండూ కరెంటును నీళ్లలా ఖర్చు చేస్తాయి. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే ఫ్లోట్ స్విచ్ చిన్న వస్తువే. మోటారును రాత్రి కాకుండా ఎండ ఉన్నప్పుడే నడిపేలా వేళ మార్చుకుంటే ఆ ట్యాంకే మీ బ్యాటరీ అవుతుంది. ఎండను నీళ్ల రూపంలో దాచుకున్నట్టే.

నాలుగో అడుగు: మీ చోట ప్రకృతి ఏమిస్తోంది?

చాలా చోట్ల జవాబు ఎండే. అయినా మిగతావి ఒకసారి చూసి వదిలేయండి.

గాలితో జాగ్రత్త. గాలి నుంచి వచ్చే శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇళ్ల మధ్య, డాబాల మీద గాలి సుడులు తిరుగుతూ వస్తుంది, చిన్న గాలిమరలు అక్కడ చెప్పినంత ఇవ్వవు. ఎత్తయిన స్తంభం, చుట్టూ ఖాళీ చోటు, కనీసం ఏడాది పాటు గాలి వేగం కొలిచిన లెక్క, ఈ మూడూ లేకుండా గాలిమర కొనకండి.

ఏడాది పొడవునా పారే వాగు, దానికి కాస్త ఎత్తు నుంచి పల్లం ఉంటే మాత్రం మీరు అదృష్టవంతులు. సెకనుకు 10 లీటర్ల నీళ్లు 20 మీటర్ల ఎత్తు నుంచి దిగితే అందులో దాదాపు 2 కిలోవాట్ల శక్తి ఉంటుంది. సగం నష్టాలకు పోయినా ఒక కిలోవాట్ చేతికొస్తుంది, అదీ రాత్రీ పగలూ, అంటే రోజుకు 24 యూనిట్లు. నీళ్లను ఎండాకాలంలోనే కొలవండి, వర్షాకాలంలో కొలిచి మోసపోకండి.

పశువులున్న చోట వంట గ్యాసుకు బయోగ్యాస్ మంచిది. సుమారు 25 కిలోల పేడ నుంచి రోజుకు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. వంటకు అది దాదాపు అర కిలో ఎల్పీజీతో సమానం. పేడకు సమానంగా నీళ్లు కలిపి రోజూ పోసే మనిషి ఉండాలి. వారం రోజులు మానేస్తే గ్యాసు తగ్గిపోతుంది. గ్యాసు పోయాక బయటికొచ్చే స్లర్రీ, అంటే పేడనీళ్లు, పొలానికి మంచి ఎరువు.

ఐదో అడుగు: పైకెక్కి నీడ చూడండి

ఒక కిలోవాట్‌కు డాబా మీద సుమారు వంద చదరపు అడుగుల చోటు అనుకోండి. చోటు దొరకడం తేలికే, నీడ లేని చోటు దొరకడమే కష్టం. ప్యానెళ్లను వరసగా ఒకదానికొకటి కలుపుతారు. ఆ వరసలో ఒకదాని మీద నీడ పడితే ఆ ఒక్కటే కాదు, వరస మొత్తం దెబ్బతినొచ్చు. ప్యానెల్ వెనక ఉండే బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి, పూర్తిగా కాదు.

యాప్ కంటే నమ్మకమైన పద్ధతి ఒకటి చెబుతాను. పగటి పొద్దు తక్కువగా ఉండే రోజుల్లో, అంటే నీడలు పొడవుగా పడే కాలంలో, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా గంట గంటకూ డాబా ఎక్కండి. వాటర్ ట్యాంకు, మెట్ల గది, పక్కింటి గోడ, చెట్టు, వీటి నీడ అంచు వెంట సుద్దముక్కతో గీత గీసి, పక్కన టైము రాయండి. ఒక చోట ఇలా గీస్తుంటే మూడింటికి వాటర్ ట్యాంకు నీడ, కాంట్రాక్టర్ ప్లాన్‌లో మొదటి వరస ఉన్న చోటికి సరిగ్గా వచ్చి కూర్చుంది. ప్యానెళ్లను నాలుగడుగులు జరిపారు, సమస్య పోయింది. బిగించాక తెలిసి ఉంటే అదే పెద్ద తలనొప్పి అయ్యేది. సాయంత్రానికి నేల మీద గీత తగలని భాగమే మీ అసలు చోటు.

ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. డాబా అంతకాలం ఉంటుందా? కారుతుంటే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. తర్వాత చేయించాలంటే అన్నీ విప్పాలి. గాలివానకు ఎగిరిపోకుండా స్ట్రక్చర్ ఉండాలి కాబట్టి పాత భవనమైతే ఇంజినీరుకు చూపించండి. ఉత్తరార్ధగోళంలో ప్యానెళ్ల ముఖం దక్షిణానికి ఉండాలి, వాలు సుమారుగా మీ చోటి అక్షాంశమంత. ప్యానెళ్ల కింద గాలి ఆడేంత ఖాళీ వదలండి. ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దాదాపు 0.3 నుంచి 0.4 శాతం. ఎండ మంచిదే కానీ వేడి మంచిది కాదు, చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.

ఆరో అడుగు: కరెంటు పోతే ఏమవుతుందో ముందే చెప్పండి

మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటాఫీసు లైనుకు కలిపి నడిపేది, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. ఇది లోపం కాదు. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ ప్యానెళ్ల కరెంటు తగిలి ప్రాణం పోకుండా ఇన్వర్టర్‌ను అలా తయారు చేస్తారు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, మొదటిసారి కరెంటు పోయిన రోజు ఊరంతా మిమ్మల్నే నిలదీస్తుంది. నేను ఆ మాటలు పడ్డవాణ్నే.

కరెంటు పోయినా కొన్ని వెలగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీలూ కావాలి. బ్యాటరీ అన్నిటికీ పెట్టొద్దు, తప్పనిసరి వాటికే పెట్టండి. 9 వాట్ల లైట్లు పది, 30 వాట్ల ఫ్యాన్లు ఆరు, ఇంకో 30 వాట్లు ఇతరత్రా, మొత్తం 300 వాట్లు. నాలుగు గంటలకు 1.2 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది కాబట్టి 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు సరిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ పోసే ఓపిక లేకపోతే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. ముందు ఖర్చు ఎక్కువ, కానీ చాలా ఎక్కువ కాలం వస్తుంది.

ఏదీ కొనకముందే కరెంటాఫీసుకు వెళ్లండి. ఎంత కెపాసిటీకి అనుమతిస్తారు, మిగులు కరెంటును లైన్లోకి పంపితే ఎలా లెక్క కడతారు, ఒకే ప్లాంటు కరెంటును చాలా మీటర్ల బిల్లులకు పంచే వీలుందా, ఈ మూడూ అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. యూనిట్‌కు యూనిట్ తగ్గించే నెట్ మీటరింగ్ ఉన్న చోట ఒక లెక్క, మిగులుకు తక్కువ రేటు కట్టే చోట ఇంకో లెక్క. రెండో రకం ఉన్న చోట పగటి వాడకానికి సరిపడా మాత్రమే పెట్టుకోవడం తెలివైన పని. నోటుబుక్కు ఇక్కడ పనికొస్తుంది.

ఏడో అడుగు: డబ్బు, వాటాలు, రాతకోతలు

డాబా సొంతం కానివాళ్లు, అద్దెకుండేవాళ్లు, ఒకేసారి పెద్ద మొత్తం పెట్టలేనివాళ్లు బయట ఉండిపోతే అది ఉమ్మడి ప్రాజెక్టు కాదు, డబ్బున్న నాలుగిళ్ల ప్రాజెక్టు. వాటాను చిన్నది చేయండి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ తీరాన 2000లో నిలబెట్టిన మిడిల్‌గ్రుండెన్ గాలిమరలు 20, మొత్తం 40 మెగావాట్లు. అందులో సగం ఒక సహకార సంఘానిది, ఆ సంఘంలో సభ్యులు ఎనిమిదిన్నర వేల మందికి పైగా. వాటాలను 40,500 ముక్కలు చేశారు కాబట్టే అంతమంది చేరగలిగారు. మీ ప్లాంటు అందులో వెయ్యో వంతే కావచ్చు, పద్ధతి మాత్రం అదే. వాటా చిన్నది, ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. దానికి తోడు వాయిదాల్లో కట్టే వీలు కూడా పెట్టండి.

గ్రిడ్, అంటే కరెంటాఫీసు లైను, లేని చోటైతే వాడకానికి హద్దు పెట్టక తప్పదు. స్కాట్లాండ్‌లోని ఎగ్ అనే చిన్న దీవిలో 2008లో నీళ్లు, గాలి, ఎండ మూడూ కలిపి సొంత కరెంటు వ్యవస్థ పెట్టుకున్నారు. ఒక్కో ఇల్లు ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు, వ్యాపారాలైతే 10. ఆ హద్దు ధనవంతుడికీ అంతే, పేదవాడికీ అంతే. హద్దు ముందే పెట్టుకున్నారు కాబట్టి వ్యవస్థ కుప్పకూలదు.

ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతే వాటా ఏమవుతుంది, ఎవరైనా వాయిదా కట్టకపోతే ఏం చేయాలి, డాబా యజమాని మనసు మార్చుకుంటే ఏంటి, ఇవన్నీ సంబంధాలు బాగున్నప్పుడే కాగితం మీద పెట్టుకుని సంతకాలు చేయించండి. మొదటి నెల నుంచే ఒక రిపేరు నిధి మొదలుపెట్టండి. ఇన్వర్టర్ పాతికేళ్లు రాదు, 10 నుంచి 15 ఏళ్లకు మార్చాల్సి వస్తుంది. ఆ రోజు అందరి దగ్గరకూ వెళ్లి చందా అడగడం కంటే నెలనెలా చిల్లర పక్కన పెట్టడం నయం.

ఎనిమిదో అడుగు: కొటేషన్లు, బిగింపు

కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి, అందరికీ ఒకే స్పెసిఫికేషన్ ఇచ్చి. కిలోవాట్‌కు ఎంత అని మాత్రమే చూడకండి. స్ట్రక్చర్ గ్యాల్వనైజ్డ్ స్టీలేనా, ఎర్తింగ్ ఎన్ని చోట్ల, పిడుగును నేలలోకి దింపే లైట్నింగ్ అరెస్టర్, సర్జ్ ప్రొటెక్టర్లు ఉన్నాయా, ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే డీసీ కేబుల్ ఎండకు తట్టుకునేదేనా అని అడగండి. వైర్లను కలిపే కనెక్టర్లు రెండు వేర్వేరు కంపెనీలవి కలిపి బిగించనివ్వకండి. సరిగ్గా కూర్చోక వేడెక్కి, మంటలు లేచేది అక్కడే. వారంటీలు రెండుంటాయి, ప్యానెల్ వస్తువుకొకటి, ఏళ్ల తర్వాత కూడా ఇంత కరెంటు ఇస్తుందని ఇచ్చేదొకటి. రెండూ కాగితం మీద కావాలి. ఫిర్యాదు చేశాక ఎన్ని రోజుల్లో వస్తారో కూడా రాయించండి. మానిటరింగ్ యాప్ లాగిన్ కమిటీ పేరు మీదే ఉండాలి, కాంట్రాక్టర్ ఫోన్లో కాదు. బిల్లులో కొంత భాగం ప్లాంటు నెల రోజులు సవ్యంగా నడిచాకే ఇస్తామని ముందే ఒప్పందం చేసుకోండి.

బిగించే రోజుల్లో ఒకరు దగ్గరుండండి. ఎర్తింగ్ కోసం తవ్విన గుంతను (ఎర్త్ పిట్) పూడ్చేలోపే ఫోటో తీయండి. ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరూ రాసుకోండి.

తొమ్మిదో అడుగు: ఇద్దరు కాపలాదారులు

ఇద్దరికి శిక్షణ ఇప్పించండి, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు ఉండేలా. పెద్ద చదువులు అక్కర్లేదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ, అక్షరాలు రాని పల్లెటూరి ఆడవాళ్లను, అందులో అమ్మమ్మలను కూడా, సోలార్ పరికరాలు బిగించి రిపేరు చేసేవాళ్లుగా తీర్చిదిద్దింది. వాళ్లు రంగుల గుర్తులతో, చేత్తో పట్టుకుని చేస్తూ నేర్చుకున్నారు. ఇలాంటి పనికి ఊరు వదిలి వెళ్లని మనిషి కావాలి. ఆ ఇద్దరికీ నెలకు ఎంతో కొంత ఇవ్వండి. ఊరికే చేయించుకునే పని ఎక్కువ రోజులు సాగదు.

వాళ్ల రోజువారీ పని ఐదు నిమిషాలు. సాయంత్రం ఇన్వర్టర్ మీద ఆ రోజు యూనిట్లు చూసి నోటుబుక్కులో రాయడం, పక్కనే ‘ఎండ’, ‘మబ్బు’, ‘వాన’ అని ఒక మాట. 5 కిలోవాట్ల ప్లాంటు మంచి ఎండలో 20 యూనిట్లు ఇస్తుండగా ఒక ఎండ రోజున 14 కనిపిస్తే పైకెక్కి చూడాలి. దుమ్మా, కొత్తగా పెరిగిన కొమ్మా, లేక ఒక వరసే ఆగిపోయిందా? పక్షి రెట్ట చిన్నగానే కనిపిస్తుంది, కానీ దుమ్ములా కాకుండా అది ఒక్కచోట గట్టిగా అంటుకుని నీడలా పనిచేస్తుంది.

కడగడం తెల్లవారుజామునే లేదా సాయంత్రం. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. మెత్తటి బట్ట, మంచినీళ్లు చాలు. ఉప్పునీళ్లయితే ఆరాక తెల్లటి చారలు ఉండిపోతాయి, అవి దుమ్ము కంటే మొండివి. ప్యానెళ్ల మీద కాలు పెట్టి నడవనివ్వకండి, పైకి కనిపించకపోయినా లోపలి సెల్స్ చిట్లుతాయి. వైర్లు, కనెక్టర్లు ముట్టుకునే పని మాత్రం శిక్షణ ఉన్నవాళ్లదే. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు ఉంటుంది, మెయిన్ ఆపినా సరే.

వారంటీ కార్డులు, సీరియల్ నంబర్లు, యాప్ పాస్‌వర్డ్, ఫోన్ నంబర్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇన్వర్టర్ పక్కనే ఉంచండి, నకలు ఇంకో ఇంట్లో. పాస్‌వర్డ్ కనీసం ముగ్గురికి తెలియాలి. మూడు నెలలకోసారి ఎన్ని యూనిట్లు వచ్చాయి, బిల్లు ఎంత తగ్గింది, నిధిలో ఎంతుంది అనే మూడు అంకెలు నోటీసు బోర్డు మీద పెద్దగా రాయండి. మీ ‘మనకెందుకండీ’ మనిషితోనే రాయించండి.

కొన్నాళ్లకు పక్క వీధి వాళ్లు చూడటానికి వస్తారు. వాళ్లు నేరుగా డాబా ఎక్కబోతారు. ముందు మీటరు బోర్డు దగ్గరికి తీసుకెళ్లి, మేకుకు వేలాడే ఆ నోటుబుక్కు వాళ్ల చేతికివ్వండి.